పేరు చెప్పని మైకు

జనవరి వచ్చిందంటే నాంపల్లిలోని ఆ గల్లీలో ఇళ్లకు గోడలున్నా లేనట్టే. సాయంత్రం నుమాయిష్ ఎగ్జిబిషన్ గేట్లు తెరిచిన కాసేపటికి మైకు నేరుగా ఇంట్లోకే వచ్చి కూర్చుంటుంది. వామన్‌రావు ఆ వేళకు కిటికీ రెక్క తీసి, కుర్చీ లాక్కుని, చెవి అటు పెడతాడు.

డెబ్బై ఎనిమిదేళ్ల మనిషి. అబిడ్స్ పెద్ద పోస్టాఫీసులో గుమాస్తాగా చేసి రిటైరయ్యాడు. కానీ గల్లీలో ఆయనను పోస్టాఫీసు రావుగారని ఎవరూ అనరు, మైకు రావుగారంటారు. ఇరవై రెండేళ్లపాటు ఏటా నుమాయిష్ జరిగే నలభై ఐదు రోజులూ, ఆఫీసు వదలగానే నడుచుకుంటూ వెళ్లి, తప్పిపోయిన పిల్లల కోసం మైకులో చెప్పింది ఆయనే. ఇప్పుడా గొంతు లేదు. ఐదేళ్ల కింద గొంతులో గడ్డ తీశారు. అప్పటినుంచి మాట గాలిలాగా వస్తుంది. వినడం మాత్రం మానలేదు.

"విన్నవా వసూ? గంత తొందరేంది వీనికి? రైలెక్కేది ఉన్నదా? ఎర్ర స్వెటర్ అన్నంక జర ఆగాలె. తల్లి గుండెకాయ ఒకసారి కొట్టుకునేంత సేపు ఆగాలె. అప్పుడు మిగిలింది చెప్పాలె."

"ఔ బాపూ, నువ్వే పోయి నేర్పు," అంటుంది వసుమతి, మిషను మీంచి తల ఎత్తకుండా. చీరలకు ఫాల్ కుట్టి పికో చేయడం ఆమె పని. పెళ్లయ్యాక కూడా తండ్రిని తనతోనే పెట్టుకుంది. భర్త జితేందర్ అబిడ్స్‌లో ప్యాంటు బట్టల దుకాణంలో సేల్స్‌మన్. కూతురు ప్రణవికి పన్నెండేళ్లు, ఏడో తరగతి.

వసుమతి పదో తరగతితో చదువు ఆపేసింది. భయపడటం మాత్రం ఆపలేదు. గ్యాస్ ట్యూబు పగులుతుందని భయం. ఫ్యాను ఊడి పడుతుందని భయం. పిల్ల ఎక్కే ఆటో బ్రేకులు, పతంగుల మాంజా, స్టేషను ముందు బస్సులు, దుకాణంలో లిఫ్టు, అన్నీ ఆమె లెక్కలో ఉన్నవే. తెలియని నంబరు నుంచి ఫోన్ మోగితే ముందు కూర్చుని, తరువాత ఎత్తుతుంది. ప్రణవి బడి నుంచి నాలుగుంబావుకు రావాలి. నాలుగూ ఇరవై అయిందంటే వసుమతి చెప్పులు తొడుక్కుని గల్లీ మలుపులో ఉంటుంది.

ఆ లెక్కలో లేనిది ఒక్క ఫోనే. పిల్ల ఫోన్ పట్టుకుని మూలన కూర్చుంటే వసుమతికి హాయి. నీడన ఉంది, తలుపు గడియ పెట్టి ఉంది, కళ్ల ముందుంది. రోడ్డు దాటే పని లేదు, కుక్కల బాధ లేదు.

ఆమెకూ ఒక ఫోన్ ఉంది. అందులో ఫేస్‌బుక్ ఎలా పెట్టాలో ప్రణవే నేర్పింది. కుట్టిన చీరల ఫోటోలు పెడితే నాలుగు బేరాలు వస్తాయని మొదలుపెట్టింది. చీరల మధ్యలో పిల్ల ఫోటోలు చేరాయి. పుట్టినరోజు, బహుమతి వచ్చిన రోజు, కొత్త యూనిఫాం కుట్టించిన రోజు. కింద ఎవరెవరో ఎర్ర గుండెలు పెడుతుంటే పొయ్యి దగ్గర నిలబడి ఒక్కొక్కటే చూసుకునేది. దిష్టి తగులుతుందని ఆ సాయంత్రం పిల్లకు ఉప్పు తిప్పి పడేసేది, మర్నాడు ఇంకో ఫోటో పెట్టేది. ఎవరు స్నేహం అడిగినా కాదనేది కాదు. "ఇంటికొచ్చి తలుపు కొట్టినోళ్లను ఎట్ల పొమ్మంటం?" అనేది. అలా ఆరు వందల పైచిలుకు మంది చేరారు. అందులో ముఖం తెలిసినవాళ్లు అరవై మంది కూడా ఉండరు.

నుమాయిష్ మైకు వినబడినప్పుడల్లా వసుమతికి రేకుల కప్పు ఉన్న ఆ గది గుర్తుకొస్తుంది. పిల్లల రైలు తిరిగే చోటికి దగ్గర్లో ఉండేది. ఒక బల్ల, గుడ్డ చుట్టిన మైకు, నీళ్ల బిందె, బిస్కెట్ల డబ్బా, గోడ వారన పొడుగు బెంచీ. ఎనిమిదేళ్లప్పటి నుంచి ఆ బెంచీ ఆమెది. బాపు వెంట వెళ్లి, తప్పిపోయి వచ్చిన పిల్లల పక్కన కూర్చోవడం ఆమె కొలువు. పల్లీలు వేగే వాసన, చలిగాలి, దూరంగా తిరిగే జెయింట్ వీల్ దీపాలు, మధ్యలో ఒక ఏడుపు. రోజుకు పది మందైనా వచ్చేవారు. ఏడ్చేవాళ్ల గురించి భయం లేదు, వాళ్లు చెబుతారు. ఏడవని వాళ్లతోనే కష్టం. వాళ్లు గౌను అంచో చొక్కా అంచో పిడికిట్లో పట్టుకుని మెలితిప్పుతూ కూర్చునేవారు. ఎంత మెలితిప్పితే అంత దూరం పోయారని అర్థం. అది ఆమె పదేళ్లకే కనిపెట్టింది.

బాపుకు ఒక పద్ధతి ఉండేది. పిల్ల రాగానే నీళ్లు. నీళ్ల తరువాత బిస్కెట్. ఆ తరువాతే ప్రశ్న. "చెయ్యెందుకు వదిలినవ్?" అని మాత్రం ఎవరినీ అడగనిచ్చేవాడు కాదు.

"అది అడిగితే పిల్ల నోరు మూస్తది. నోరు మూసిందంటే ఇంక ఇల్లు దొరకదు," అనేవాడు.

ఇంకొకటి. మైకులో పిల్లల పేరు చెప్పేవాడు కాదు.

"ఆకుపచ్చ గౌను... రెండు జడలు... ఒక కాలికే చెప్పు ఉన్న పాప మా దగ్గర భద్రంగా ఉన్నది. పాప తాలూకు వారు వచ్చి, పాప పేరు చెప్పి తీసుకుపోగలరు." అదే మాట మళ్లీ ఉర్దూలో చెప్పేవాడు. గొంతు బరువుగా, నెమ్మదిగా, ఎవరో తల నిమిరినట్టు ఉండేది. మైదానమంతా ఒక్క క్షణం ఆగి వినేదని వసుమతికి ఇప్పటికీ నమ్మకం.

ఆ ఆకుపచ్చ గౌను పాప కోసం ముందు ఒక మగమనిషి వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, చేతిలో పీచుమిఠాయి. "మా అన్న బిడ్డ," అన్నాడు నవ్వుతూ.

"పేరు చెప్పండి," అన్నాడు బాపు.

"పేరా? ఇంట్ల అందరం చిన్నీ అంటం."

బాపు వంగి పాప చెవిలో ఏదో అడిగాడు. పాప తల అడ్డంగా ఊపింది. "జర కూచోండి సాబ్. ఆమె తల్లి గూడ వస్తది."

"నేనే పోయి తీసుకొస్త," అన్నాడు అతను. పీచుమిఠాయి బల్ల మీద పెట్టి వెళ్లాడు. మళ్లీ రాలేదు. అది కాసేపటికి గులాబీ రంగు ముద్దయి బల్లకు అంటుకుపోయింది. ఆ తరువాత తల్లి వచ్చింది. జుట్టు ముడి ఊడిపోయి, పది గజాల అవతల నుంచే పేరు పెట్టి అరుస్తూ వచ్చింది. ఆ పేరు వసుమతికి ఇవాళ్టికీ గుర్తుంది. ఎవరికీ చెప్పలేదు.

వాళ్లు వెళ్లాక బాపు రిజిస్టరు తెరిచి ఆ మనిషి ఎత్తు, చొక్కా రంగు, పీచుమిఠాయి సంగతి అన్నీ రాశాడు. రాసింది పట్టుకుని పోలీసు టెంటుకు బయలుదేరాడు.

"వాడు పోయిండు గద బాపూ?"

"ఈ గేట్లకెళ్లి పోయినోడు ఇంకో గేట్లకెళ్లి వస్తడు బిడ్డా. మనం రాసి పెట్టకపోతే ఆడున్నోళ్లకు ఎట్ల తెల్వాలె?" అని, నడుస్తూ నడుస్తూ ఇంకో మాట అన్నాడు. "రంగు ఊరందరిదీ. పేరు మాత్రం ఇంటోళ్లది. అది మన దగ్గరే ఉండాలె."

ఈ సంగతి తాత ప్రణవికి వందసార్లు చెప్పి ఉంటాడు. ఎవరైనా వచ్చి మీ అమ్మ పంపింది రా అంటే, ఇంట్ల నన్ను ఏమని పిలుస్తరు అని అడగాలి. సరిగ్గా చెబితేనే నమ్మాలి. ప్రణవి నుమాయిష్ రోజుల్లో పుట్టింది. ముడుచుకున్న ఎర్ర ముఖం చూసి తాతే పెట్టాడు, రేగుపండు అని.

ఆ గురువారం ప్రణవి బడి నుంచి నాలుగుంబావుకే వచ్చింది. సంచి దించి, మిషను పక్కన నిలబడింది.

"అమ్మా, ఆదివారం నేను నుమాయిష్‌కు పోవచ్చా? దోస్తులతోని."

"పెద్దోళ్లు ఎవరొస్తున్నరు?"

"ఎవరు లేరు. గేటు కాడ కలుస్తం."

"ఔ, పో! జెయింట్ వీల్ నట్టు ఊడుతది. జనంల తోపులాట అయితది. బజ్జీల నూనె మీద పడ్తది. వైర్లు కింద పడి ఉంటయి, చెప్పు తెగి కాలు దాని మీద పెడ్తవు..."

"బజ్జీల నూనె లేచి వచ్చి మీద పడ్తదానే?" అన్నాడు వామన్‌రావు కిటికీ దగ్గర నుంచి. "అది కడాయిల ఉంటది గదా!"

"నువ్వు ఊకో బాపూ."

ఇంకో రోజయితే ప్రణవి తాత వైపు చేరి తల్లిని ఆట పట్టించేది. జెయింట్ వీల్ నట్టును జేబులో వేసుకుని వస్తానని అనేది. ఇవాళ నవ్వలేదు, అలగలేదు, బతిమాలలేదు. "నేను పోవాలె అమ్మా," అంది మెల్లగా. వసుమతి తల ఎత్తి చూసింది. పిల్ల ముఖం మామూలుగానే ఉంది. చెయ్యి మాత్రం యూనిఫాం చున్నీ అంచును పిడికిట్లో పట్టుకుని మెలితిప్పుతోంది. బట్ట తాడులా బిగిసి, వేళ్ల కొసలు తెల్లబడ్డాయి.

వసుమతి మిషను ఆగిపోయింది. ఎన్ని వందల పిడికిళ్లు చూసింది తను! ఇల్లు దాటని పిల్ల, తన కళ్ల ముందే ఉన్న పిల్ల, ఎప్పుడు తప్పిపోయింది?

ఒక్కసారిగా అన్ని భయాలూ మీద పడ్డాయి. భుజాలు పట్టుకుని ఊపేయాలనిపించింది. ఏమైందే, ఎవరే, ఎప్పటినుంచే, ఏం చేసినవే అని అరుపు గొంతు దాకా వచ్చింది.

"వసూ," అంది కిటికీ దగ్గర నుంచి ఆ గాలి గొంతు. "నీళ్లు."

వసుమతి లేచింది. వంటింట్లోకి వెళ్లి చెంబుతో నీళ్లు తెచ్చింది. ప్రణవి తాగింది. డబ్బా తీసి బిస్కెట్ చేతిలో పెట్టింది. అది సగం తిన్నాక పక్కన నేల మీద కూర్చుంది, ఒకప్పుడు బెంచీ మీద కూర్చున్నట్టు. ఏమీ అడగలేదు. బయట మైకు ఎవరినో పిలుస్తోంది. మూడో బిస్కెట్ దగ్గర ప్రణవి ఏడ్చింది.

ఫోనులో ఇళ్లు కట్టే ఆట ఒకటి ఉంది. అందులో దసరా సెలవుల్లో పరిచయమయింది వైశాలి అక్క. తను పదో తరగతి అని చెప్పింది. ఆటలో ప్రణవికి తోట కట్టి ఇచ్చింది. రోజూ మాట్లాడింది. ప్రణవి బడిలో ఎవరితో కొట్లాడిందో, పరీక్షలో ఎవరి పేపరు చూసి రాసిందో, అమ్మ దేనికి తిడుతుందో అంతా చెప్పుకుంది. అమ్మ చీర కట్టుకుని, అమ్మ లిప్‌స్టిక్ పెట్టుకుని డాన్సు చేసిన వీడియో పంపింది. అక్క చాలా బాగుందని అంది. పది రోజుల కింద ఆ అక్క మాట మారింది. ఈ ఆదివారం నాలుగింటికి నుమాయిష్ గేటు దగ్గరకు ఒక్కదానివే రావాలి. రాకపోతే ఆ వీడియోలోంచి నీ ముఖం తీసి పాడు ఫోటోకు అతికించి మీ బడిలో అందరికీ పంపుతా. మీ అమ్మకు చెబితే ఇవాళే పంపుతా.

"అక్క కాదేమో అమ్మా," అంది ప్రణవి వెక్కుతూ. "నిన్న వాయిస్ మెసేజ్ పంపింది. మగ గొంతు ఉన్నది."

అడగకూడదనుకున్న ప్రశ్న ఇంకో రూపంలో వసుమతి నోట్లోంచి జారిపోయింది. "ఎట్ల నమ్మినవ్ బిడ్డా?"

ప్రణవి తల ఎత్తింది. కళ్లలో కోపం లాంటిది కనిపించింది.

"నేను అడిగిన అమ్మా! తాత చెప్పినట్టే అడిగిన. ఇంట్ల నన్నేమని పిలుస్తరు అని. చెప్పింది. రేగుపండు అని చెప్పింది! మీ అమ్మ నాకు తెల్సు, మా అమ్మ చీరలకు మీ అమ్మే ఫాల్ కుడ్తది అన్నది. మరి నమ్మొద్దా?"

వామన్‌రావు కిటికీ రెక్క మూశాడు. జనవరిలో ఆ వేళ ఆ కిటికీ మూయడం వసుమతి ఎన్నడూ చూడలేదు.

ఆమె మిషను మీద ఉన్న తన ఫోన్ తీసింది. ఫేస్‌బుక్ తెరిచి కిందికి, ఇంకా కిందికి జరిపింది. బడి గేటు ముందు, వెనక బోర్డు కనబడేటట్టు: మా రేగుపండుకు మొదటి బహుమతి. గల్లీ మలుపులో: ఎనిమిదింబావు ఆటో కోసం మా రేగుపండు. కేకు ముందు: మా రేగుపండుకు పన్నెండేళ్లు నిండినయి. మధ్యమధ్యలో చీరలు, ఫాల్, పికో, ఇంటి గుర్తులు. ఒక్కో దాని కింద ఎర్ర గుండెలు వరసగా ఉన్నాయి.

రంగు చెప్పింది, పేరు చెప్పింది, గేటు చెప్పింది, వేళ చెప్పింది. మైకు రావుగారి బిడ్డ ఆరు వందల మంది ముందు నిలబడి రోజూ చెప్పింది. పిల్ల తాళం సరిగ్గానే వేసుకుంది. తాళంచెవి తనే ఊరంతా పంచింది.

"తీసేస్త," అంది వసుమతి. "మొత్తం తీసేస్త. దీని ఫోన్ల ఉన్నది గూడ తీసేస్త. సిమ్ము విరిచి పారేస్త. బడి మానిపిస్త. ఎవ్వరికీ తెల్వకుంట..." బొటనవేలు చెత్తబుట్ట గుర్తు మీదికి వెళ్లింది.

"ఆగు." వామన్‌రావు కుర్చీలోంచి లేచి వచ్చాడు. అంత మాట్లాడటం ఆయనకు కష్టం. ఒక్కో మాటకూ ఊపిరి పీల్చుకోవాలి. "వాడు రాసింది... ఉండనీ. రాసి పెట్టు."

"పోతే పీడ పోతది గద బాపూ!"

"ఇంకో గేటు," అన్నాడాయన.

వసుమతి వేలు వెనక్కి తీసుకుంది. ముప్పై ఏళ్ల కింద పోలీసు టెంటుకు నడిచిన దారి, చేతిలో రిజిస్టరు, పక్కన తను. ఏ గేటు దగ్గర ఏ పిల్ల ఉందో! ఆ పిల్ల అమ్మ ఏ పొయ్యి దగ్గర నిలబడి ఎర్ర గుండెలు చూసుకుంటోందో!

"స్క్రీన్‌షాట్లు తియ్యాలె అమ్మా. నాకొస్తది," అంది ప్రణవి ముక్కు తుడుచుకుని. చెయ్యి చున్నీ వదిలింది. కూర్చుని ఒక్కొక్కటే తీసింది. తేదీ కనబడేటట్టు, ఆ ఖాతా పేరు కనబడేటట్టు. వసుమతి చీరల లెక్క రాసుకునే నోటుపుస్తకంలో వెనక పేజీ తీసి, ఏ రోజు ఏమన్నాడో రాసింది. అక్షరాలు వంకర పోయాయి. అయినా రాసింది.

జితేందర్‌కు ఫోన్ చేస్తే దుకాణంలో చెప్పి అరగంటలో వచ్చాడు. విని, ముందు అరిచాడు. "ఫోన్ ఎవరిచ్చిన్రు దీనికి?"

"నేనే," అంది వసుమతి. "ఊరంతటికీ పేరు చెప్పింది గూడ నేనే. ముందు నువ్వు నీళ్లు తాగు."

అతను తెల్లబోయి గ్లాసు అందుకున్నాడు. తాగాక గొంతు తగ్గింది. "పోలీసులంటే రేపు పిల్ల పేరు పేపర్ల పడ్తది వసూ. నలుగురు ఏమనుకుంటరు?"

అదే భయం ఆమెకూ ఉంది. ఇంకా పది భయాలున్నాయి. అయినా ప్రణవి బడి డైరీ చివరి అట్ట మీద పిల్లల సహాయానికని రాసి ఉన్న నంబరుకు, పది తొంభై ఎనిమిదికి, ఫోన్ చేసింది. అవతల ఒక ఆడమనిషి తొందర లేకుండా అంతా విన్నది. జవాబు ఇవ్వొద్దు, ఉన్నది ఏదీ చెరపొద్దు, ఇవాళే దగ్గరలోని పోలీస్ స్టేషనుకు పొండి అంది. సైబర్ నేరాలకు పంతొమ్మిది ముప్పై ఉందని, ఇంటర్నెట్‌లో కూడా ఫిర్యాదు ఇవ్వవచ్చని చెప్పింది. వసుమతి అవీ నోటుపుస్తకంలో రాసుకుంది.

స్టేషనులో వాళ్లతో మాట్లాడింది ఎస్సై చంద్రిక. యూనిఫాం కాదు, మామూలు చుడీదార్‌లో వచ్చింది. వసుమతి నోటుపుస్తకం ముందుకు తోసింది. చంద్రిక దాన్ని తీసుకోలేదు. ప్రణవి వైపు తిరిగింది.

"బడి నుంచి సీదా వచ్చినట్టున్నవ్. మంచినీళ్లు తాగుతవా?"

వసుమతి ఆ సాయంత్రంలో మొదటిసారి గుండె నిండా గాలి పీల్చుకుంది.

నోటుపుస్తకం చదివాక చంద్రిక అంది, "ఎవరు చెప్పిన్రమ్మా మీకు గిట్ల రాసి పెట్టమని? మస్తు మంది అన్నీ చెరిపేసి వస్తరు. అప్పుడు మా చేతులు కట్టేసినట్టే."

"మా బాపు మేడం. మైకుల..." అని ఆగి, అసలు భయం అడిగింది. "పిల్ల పేరు బయటికొస్తదా?"

"రాదు. పిల్లల కేసుల పేరు గాని, ఫోటో గాని, బడి గాని ఎవ్వరు బయట పెట్టొద్దు. చట్టమే ఒప్పదు. మా కాయితాల్ల ఉంటది, మా దగ్గరే ఉంటది." ప్రణవితో అంది, "నువ్వేం తప్పు చెయ్యలె. అర్థమైందా? అడగాల్సిన ప్రశ్న అడిగినవ్. గంత తెలివి మా కాడికి వచ్చే పెద్దోళ్లకు గూడ ఉండదు."

ఆదివారం ప్రణవి ఇంట్లోనే ఉంది. నుమాయిష్ గేటు దగ్గర చంద్రిక, ఆమె మనుషులు మామూలు బట్టల్లో కాచుకుని ఉన్నారు. నాలుగు గంటల నుంచి కిటికీ తెరిచే ఉంది. వసుమతి ఒకే చీరకు ఫాల్ రెండుసార్లు తలకిందులుగా కుట్టి విప్పింది. వాడు రాడేమో. వచ్చి తప్పించుకుంటాడేమో. తప్పించుకుని ఈ గల్లీకే వస్తాడేమో. గేటు, వేళ, అన్నీ తెలిసినవాడికి ఇల్లెంత దూరం? జితేందర్ గడియ వేసిన తలుపుకు వీపు ఆనించి కూర్చున్నాడు. మైకు మాత్రం తన పని తాను చేసుకుంటోంది. పసుపు టోపీ బాబు. తెల్ల గౌను పాప.

ఐదూ నలభైకి తెలియని నంబరు నుంచి ఫోన్ మోగింది. వసుమతి ముందు కూర్చుంది, తరువాత ఎత్తింది.

"దొరికిండమ్మా," అంది చంద్రిక.

వసుమతికి బల్లకు అంటుకుపోయిన పీచుమిఠాయి గుర్తొచ్చింది. "చేతిల ఏమన్న ఉండెనా?" అంది.

"చేతిలనా? ఫోన్లమ్మా. రెండు ఫోన్లు. అందుల తొమ్మిది మంది పిల్లలున్నరు. ఒక్కొక్కళ్ల పేరు పక్కన ముద్దు పేరు రాసుకున్నడు. ఆ తల్లిదండ్రులకు ఇప్పుడు ఫోన్లు చేస్తున్నం."

తొమ్మిది గేట్లు అనుకుంది వసుమతి. ఫోన్ పెట్టేశాక వామన్‌రావు ప్రణవి తల మీద చెయ్యి వేసి మైకు విన్నాడు.

నుమాయిష్ ఆఖరి వారంలో చంద్రిక మళ్లీ ఫోన్ చేసింది. పిల్లలు, ఫోన్ల గురించి లోపల ఒక టెంటు వేస్తున్నామని, తల్లులకు ఒక తల్లి చెబితే వింటారని అంది. పేరు చెప్పనక్కరలేదంది.

"నాతోని కాదు మేడం. మైకుల కరెంటుంటది," అంది వసుమతి.

ఆ మాట విని వామన్‌రావు నవ్వబోయి దగ్గాడు. "ఇరవై రెండేండ్లు పట్టుకున్న. నన్నేమన్న కరిచిందా?"

ఆ శనివారం తాతా, తల్లీ, పిల్లా ముగ్గురూ నడిచే వెళ్లారు. రేకుల గది ఉండిన చోటు వసుమతికి దొరకలేదు. అక్కడ ఇప్పుడు దుప్పట్ల దుకాణమో, ఊరగాయల దుకాణమో వచ్చి ఉంటుంది. పల్లీలు వేగే వాసన మాత్రం అదే. పిల్లల రైలు కూత అదే. టెంటు ముందు కుర్చీల్లో సంచులు ఒళ్లో పెట్టుకున్న ఆడవాళ్లు, వాళ్ల ఒళ్లో పిల్లలు, పిల్లల చేతుల్లో ఫోన్లు.

వసుమతి మైకు పట్టుకుంది. రాసుకొచ్చిన కాగితం విప్పింది. ముందు వరసలో వామన్‌రావు అరచెయ్యి గాలిలో నెమ్మదిగా కిందికి దించాడు. ఆగు అని. ఆమె కాగితం మడిచి, ఒక్క గుండె చప్పుడంత సేపు ఆగింది.

"నీలం యూనిఫాం... తెల్ల చున్నీ... పన్నెండేళ్ల పాప," అంది. "తప్పిపోయింది. నుమాయిష్‌ల కాదు. ఇంట్లనే, నా పక్కనే కూచుండి తప్పిపోయింది. చెయ్యి వదిలింది పాప కాదు, నేను. దొరికింది. ఇప్పుడు నా దగ్గర భద్రంగా ఉన్నది." వసుమతి కుర్చీల వైపు చూసింది. "మీ పిల్లలు మీ పక్కనే ఉన్నరు గద. జర వాళ్ల చేతులు చూడున్రి. చున్నీ అంచు పట్టుకుని మెలితిప్పుతుంటే తిట్టకున్రి. ముందు నీళ్లియ్యున్రి. తర్వాత వాళ్లే చెప్తరు. వాడు రాసింది చెరపకున్రి. వాళ్ల పేరు, వాళ్ల బడి, వాళ్లొచ్చే వేళ, మీరు ప్రేమగ పిలిచే పిలుపు, ఇవి ఊరికి చెప్పకున్రి. నేను చెప్పిన. అందుకే వచ్చి చెప్తున్న. పాప పేరు అడగకున్రి. అది చెప్పను."

కుర్చీల్లో ఒకామె తన ఒళ్లోని పిల్ల చేతివేళ్లను విప్పి చూసుకుంది. ఇంకొకామె ఫోన్ తీసి ఏదో వెతకడం మొదలుపెట్టింది, ముఖం మారుతుండగా.

తిరిగి వచ్చేటప్పుడు ప్రణవి దారిలో రేగుపండ్ల బండి దగ్గర ఆగింది. "అమ్మా, ఆ పేరు ఇంక వద్దు. వాడు పిలిచిండు దాన్ని."

"వద్దు బిడ్డా."

"కొత్తది కావాలె. ఫోన్ల పెట్టొద్దు. డాడీకి గూడ చెవిలనే చెప్పాలె."

బండి పక్కన నిలబడి ముగ్గురూ తలలు దగ్గర పెట్టుకున్నారు. వసుమతి చెప్పింది ప్రణవికి నచ్చలేదు. ప్రణవి చెప్పింది విని తాత మూతి విరిచాడు. చివరికి వామన్‌రావు వంగి మనవరాలి చెవిలో, మిగిలి ఉన్న ఆ గాలి గొంతుతో ఏదో అన్నాడు. ప్రణవి పకపకా నవ్వింది. తల్లి చెవి దగ్గరికి లాగి చెప్పింది.

ఆ పేరు ఇప్పుడు నలుగురికి తెలుసు. ఐదో మనిషికి చెప్పేది లేదు.